మైనస్ దిక్కు

జడ్చర్ల దుకాణపాయన బానెట్టు కూడా పూర్తిగ ఎత్తలే.
"బ్యాటరీ అయిపోయింది, కొత్తదెయ్యి" అన్నడు.
ఏసిన. పాతదానికి ఇచ్చింది పోను
నాలుగు వేల ఎనిమిది వందలు.
అయిదో రోజు రాత్రి మళ్ళ అదే కథ:
తాళం తిప్పితే టిక్, టిక్,
ఎండిన కందికాయల గింజ మోగినట్టు.

తప్పు నాది, దాస్త లేను.
డాష్‌బోర్డు మీద ఎర్రగ బ్యాటరీ బొమ్మ
ఇరవై రోజుల సంది వెలుగుతనే ఉండె,
నిండుగ కాదు, ఆరబోయే బీడి కొస లెక్క.
చూడబుద్ధిగాక
జంగమ్మ బొట్టుబిళ్ళ ఒకటి తీసి దానిమీద అతికిచ్చిన.

డిక్కీల, వెనుక సీట్ల, పదకొండు గంపలు.
బాలానగర్ గుట్టల సీతాఫలాలు, కన్ను విచ్చినయి.
తెల్లారి షాద్‌నగర్ చేరకపోతే
ఎల్లుండికి బెల్లంపాకమే.

ఇరవై రెండేండ్లాయె నేను బోరుమోటార్లు చుట్టవట్టి.
కాలిన వార్నిషు వాసన చూసి
ఏ ఫేజు పోయిందో చెప్పెటోన్ని.
సొంత ఇండికా ముంగట మాత్రం
చేతులు జేబుల పెట్టుకొని నిలబడ్డ.
"నీకు తెల్వదా, తెల్వనట్టు చేస్తున్నవా?" అన్నది జంగమ్మ,
టార్చి నా చేతికియ్యకుండ తనే పట్టుకొని.

మీటరు తెచ్చిన.
బండి బందున్నప్పుడు పన్నెండు పాయింట్ మూడు.
పక్కింటి మైసయ్యను, ఆయన అల్లున్ని లేపి
నూకిచ్చి స్టార్టు చేసి హెడ్‌లైట్లు ఏస్తే
పన్నెండు పాయింట్ ఒకటి.
పద్నాలుగు దాకా ఎక్కాల్సింది, దిగింది.
మోటారు తిరుగుతది, పైపుల చుక్క లేదు:
ఈ రోగం నేను ఎన్ని బోర్ల కాడ చూడలే!

బెల్టు వేలితో నొక్కిన, బిర్రుగనే ఉంది.
"ఆల్టర్నేటరు పోయింది, ఏడువేలు"
అల్లుడు ఆవులించుకుంటనే అన్నడు.
అందరూ పోయిందనే అంటరు.
పోలేదని చెప్పెటోనికి పైసలు రావు.
పుల్లలు రెండూ ఆల్టర్నేటరు మీదనే పెట్టిన:
పద్నాలుగు పాయింట్ మూడు.
పుడుతున్నది. చేరుతలేదు.

ప్లస్ దిక్కు వైరు ఆ కొస నుంచి ఈ కొస చూసిన,
సున్నా పాయింట్ ఒకటి. నిమ్మళం.
ఇగ మిగిలింది మైనస్ దిక్కు.
అటు ఎవ్వరూ చూడరు, నల్లవైరుకు ఏమైతదని.
ఎర్రపుల్ల బ్యాటరీ మైనస్ మీద,
నల్లపుల్ల ఆల్టర్నేటరు ఒంటి మీద,
రెండు పాయింట్ ఒకటి!
"పద్నాలుగు మూడుల ఒకటి పాయె,
రెండు ఒకటి పాయె, పన్నెండు ఒకటి మిగిలె"
నోటితోనే తీసింది జంగమ్మ.
మార్కెట్ల గంపల లెక్క ఆమెదే, పైసా తప్పదు.

ఇంజను బందు చేసి కిందికి దూరిన.
గేరుబాక్సు నుంచి చాసిస్‌కు పోయే ఎర్తు పట్టీ
సగం పోగులు తెగి, సగం పచ్చగ చిలుమెక్కి.
దాని కింద టార్చికి తళుక్కుమన్నది వెండిరంగు.

ఆ రంగు నాదే.
మొన్న దసరాకు బండి కడిగి, నిమ్మకాయలు కట్టి,
మోటార్లకు కొట్టంగ డబ్బాల మిగిలింది
పట్టీ ఇప్పి మరీ అందంగ పూసి
రంగు మీదనే మళ్ళ బిగిచ్చిన.
రంగును దాటి కరెంటు పోదని
తెల్వనోడు కాదు చేసింది.

ఎమిరీ కాగితంతోని గీకిన, ఇనుము తెల్లబడేదాక.
బోరుకేబుల్ ముక్క చీరి రాగిపోగులు తీసిస్తే
జంగమ్మ మూడుపాయలుగ అల్లింది,
జడలెక్క కాదు, గంప అంచులెక్క గట్టిగ.
మళ్ళ నూకుడు. మైసయ్య తిట్టుడు.
పదమూడు పాయింట్ తొమ్మిది.
లైట్లేసినా తొమ్మిదే.

టార్చి పోయి బొట్టుబిళ్ళ మీద ఆగింది.
గోటితోని గీరి తీసింది జంగమ్మ.
కింద లైటు లేదు, నల్లగ ఉన్నది.
నా దిక్కు చూసింది, ఏమనలే.

షాద్‌నగర్ చేరేసరికి రెండు గంపలు మెత్తవడ్డయి.
సగం ధరకు ఇచ్చినం.
కొత్త బ్యాటరీ అయితే
ఫస్టుగ పనిచేస్తున్నది.