అరిగింది

ద్వారకానగర్ లైబ్రరీ మేడ మీద
జపాను బొమ్మలొచ్చాయని పేపర్లో పడింది.
"జపానోడి ఓడలు సూసేను గానీ
ఆడి బొమ్మలు సూళ్ళేదే" అన్నాడు బంగారయ్య చిన్నాన్న.
ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు,
జ్ఞానాపురం నుంచి ఆటోలో ఇద్దరం.

చెప్పులు విప్పాలా అని గుమ్మం దగ్గర అడిగాడు.
అక్కర్లేదన్నారు. అయినా విప్పాడు.
ఏసీ చల్లదనం గచ్చులోంచి అరికాళ్ళకెక్కి
కాసేపు వేళ్ళు ముడుచుకుని నిలబడ్డాడు.

ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద
రాజూ రాణీ, కింద ముగ్గురు చెలికత్తెలు,
ఆ కింద ఐదుగురు మేళగాళ్ళు.
ఒకడి డోలు కర్ర దారిలో ఎక్కడో పోయినట్టుంది,
ఖాళీ పిడికిలి గాల్లో ఆగిపోయింది.
రాజుని వదిలేసి చిన్నాన్న
వాడి దగ్గరే ఎక్కువసేపున్నాడు.

చేతుల్లేని కర్రబొమ్మల్ని చూసి
"ఇవి ఏటికొప్పాకవి కావేటి?" అన్నాడు గట్టిగా.
ఎవరో నవ్వారు.
నాకూ అలాగే అనిపించింది మరి.
లేతు మీద తిరిగిన కర్రకి
ఏ దేశంలోనైనా నడుం సన్నబడేది ఒకలాగే.

వలంటీరు పిల్ల పేరు హిమజ,
మెడలో కాలేజీ కార్డు.
గాజుపెట్టెలో పాపాయి ముఖం చూపించి చెప్పింది:
ఆల్చిప్పల్ని ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ వదిలేసి,
నూరి, జిగురులో కలిపి,
పూత మీద పూత, ఆరాక మళ్ళీ పూత.
చిన్నాన్న ఆ బుగ్గల నుంచి కళ్ళు తిప్పలేదు.
"దుమ్మేనా?
దుమ్ము ఇంత తెల్లగా కూడా ఉంటాదా?"

ఇరవైతొమ్మిదేళ్ళు ఓర్ ప్లాంటులో
ఆయన పీల్చింది ఎరుపు.
పిన్ని ఉతికిన దుప్పట్లు
ఆరేలోపే మళ్ళీ ఎర్రబడేవి.
ఇప్పటికీ దగ్గితే
తువ్వాలు మడత విప్పి చూసుకుంటాడు, రంగు కోసం.

"ఓపాలి నైట్ షిఫ్టులో..." అని మొదలెట్టాడు హిమజతో.
నాకు తెలిసిన కథే. ఆపలేదు.
బెర్తు మీద జపాను సరంగుకి
నాలుగు చక్కెరకేళీలిచ్చాడట.
వాడు నడుం వంచి "అరిగాతో" అన్నాడట.
"తిన్నది అరిగిందా అని అడుగుతన్నాడనుకున్నాను.
అరిగింది బాబూ, అన్నాను.
ఓడ కదిలిందాకా ఆడూ అదే, నానూ అదే!"
హిమజ నవ్వాపుకోలేక
గోడ వైపు తిరిగిపోయింది.

చివరి పెట్టెలో కుర్ర యోధుడు.
గుప్పెడంత శిరస్త్రాణం, దానికి రెండు కొమ్ములు,
అంచు చుట్టూ నిజం ఇనుము.
చిన్నాన్న తువ్వాలు తీసి గాజుని తుడిచాడు.
తుడిచిన చోటే ఊపిరి తగిలి మసకేసింది.
"ఈ ఇనుం మనదే. మనం అంపిందే.
ఎన్ని ఓడలే!
అంత ఎర్రమన్నూ ఎక్కడో ఓకాడ తేలాలి కదేటి."

పెట్టె మూల ఇంగ్లీషు చీటీ మీద
ఏడాది వేసుంది.
మన రేవుకి ఓర్ ప్లాంటు రాకముందుది,
చిన్నాన్న పుట్టకముందుది.
హిమజ చీటీ వంక చూసింది. నా వంక చూసింది.
"అయ్యుండొచ్చు తాతగారూ" అంది.
నేను కొంచెం జరిగి
చీటీకి అడ్డంగా నిలబడ్డాను.

బయటికొస్తుంటే పుస్తకంలో అభిప్రాయం రాయమన్నారు.
మా ముందు ఎవరో
ఒక పేజీ నిండా రాసి వెళ్ళారు.
"నువ్వే రాయే" అని పెన్ను నా చేతిలో పెట్టాడు.
ఏం రాయను అంటే
బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకుంటూ ఆలోచించాడు.
ఆ వేళ్ళ మీద గీతలెప్పుడో పోయాయి,
రేషన్ షాపులో మిషను
మూడుసార్లు నొక్కించి, కాదు పొమ్మంటుంది.

"అరిగింది, అని రాయి."

రాశాను.
కింద జ్ఞానాపురం అని కూడా వేయించాడు.