మచ్చ

టంగుటూరు గ్రేడింగు షెడ్డులో
మాలకొండమ్మ చేతికి ఆకొస్తే చాలు,
వెలుతురుకేసి పట్టి
ఆవగింజంత మచ్చున్నా పక్కన పడేస్తది.

మొన్న క్యాంపు వ్యానొచ్చింది.
టార్చి పట్టుకుని నోరు తెరవమంది నర్సమ్మ.
"నీ నోరు పడ! నాకేం రోగం?"
కొంగు అడ్డం పెట్టుకుని వచ్చేసింది.
మేమందరం నవ్వాం.
నేను ఇంకాస్త గట్టిగా.

రాత్రి గోంగూర ముద్ద పెట్టుకుంటే
ఎడం బుగ్గలో చుర్రుమంది.
నెల్నాళ్లుగా ఇంతే.
కారం ఎక్కువైందిలే అని రోటిని తిట్టుకుని
పొగాకు కాడని కుడి దవడకి మార్చా.

సెల్లు లైటేసి, అద్దంలో బుగ్గ లాగి చూశా.
తెల్లగా.
ఆవగింజకన్నా పెద్దదే.

తెల్లారకముందే వాళ్ల తలుపు కొట్టా.
"వ్యాను ఇయ్యాల జరుగుమల్లిలో ఉందంట.
ముందు నా నోరు చూడక్కా,
ఆకనుకో."

నా గడ్డం పట్టి
వీధిలైటుకేసి తిప్పింది.
ఏమీ అనలేదు.
చెప్పులు వెతుక్కుంది.