పోటును బట్టి

జెస్సీ అక్క జిరాక్సు కొట్టులో
మధ్యాహ్నం అన్నాలవేళ
ఖాళీగా ఉండే రెండో కంప్యూటరు నాది.
అద్దె లేదు. బదులుగా
ఆధార్ కాగితాలకు పిన్నులు కొట్టాలి.

నిన్న నేర్చుకున్నది, పెట్టె.
అక్షరం చుట్టూ ఖాళీ, ఖాళీ చుట్టూ గట్టు,
గట్టు అవతల పక్కపెట్టె తగలకుండా
మళ్ళీ ఇంకాస్త ఖాళీ.
నారుమడి తొక్కిన కాళ్ళకి
ఇది ఒకరు చెప్పాలా?

మొదటి పేజీలో ఏం పెట్టాలో తోచక
రేవులో పంటు వేళలు పెట్టాను.
ఇవతల సఖినేటిపల్లి, అవతల నర్సాపురం,
నడుమ వశిష్ట, ఒక నీలం పట్టీ.
ఆ నీలమే కుదర్లేదు.
పాఠంలో ఇచ్చిన నీలం మా స్కూలు చున్నీ నీలం.
గోదారి ఎప్పుడు అలా ఉంది గనక?
ఆరు గుర్తుల రంగుసంఖ్య మార్చి మార్చి
చివరికి
పాలు తగ్గిన టీ రంగు ఒకటి దొరికింది.
శ్రావణంలో సరిగ్గా అదే.
ఉంచేశాను.

ఫోన్లో తెరిస్తే గండి పడింది!
పట్టిక మొత్తం కుడివైపు కొట్టుకుపోయింది.
మోటారుసైకిలు రేటు చూడాలంటే
వేలితో నర్సాపురం దాకా ఈడ్చాలి.
రెండ్రోజులు వెతికాను.
మూడోరోజు అక్క కారియరు మూత బిగిస్తూ
వంగి చూసి,
"ఇక్కడ తెరిచావ్. ఎక్కడ మూశావ్?" అంది.
ఒక్క గుర్తు. చీమ తలంత.
మూశాను.
అంకెలన్నీ వచ్చి వరసలో నించున్నాయి.
నేను పెట్టిన కేకకి
వేలిముద్ర వేస్తున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

సాయంత్రం టికెట్ల గదిలో
ఒలేటి పెద్దిరాజు గారికి చూపించాను.
ఫోను చేతిదూరం జరిపారు, ఇంకా జరిపారు,
"బాగుందమ్మాయ్. ఏం రాశావ్?" అన్నారు.
అక్షరం సైజు పద్నాలుగు.
నా వయసూ అంతే.
ఆయనకి అరవై రెండు.

నేనే చదివి వినిపించాను.
ఆరూ ఇరవై దగ్గర చెయ్యెత్తి ఆపారు.
"ఆరూ ఇరవైకి నువ్వొస్తావ్, నేనొస్తాను.
నీరు రావద్దా మరి?"
పాటు తీసినప్పుడు రేవు ముందర
ఇసకమేట ఎంత పైకి లేస్తుందో
బీడీతో గాల్లో గీసి చూపించారు.
నేను గీసిన గళ్ళకంటే
ఆ గీత బాగుంది.

మర్నాడు అక్షరాలు ఇరవైరెండు చేశాను.
అన్నిటికంటే పైన ఒక వాక్యం, లావుగా:
పోటును బట్టి వేళలు మారును.
దాని కింద పెద్దిరాజు గారి నంబరు.
ఆ పెట్టెకి మాత్రం
గట్టు కాస్త మందంగా పోశాను.

ఇవాళ్టికి చూసినవాళ్ళు నలుగురని లెక్క చూపిస్తోంది.
నేను, జెస్సీ అక్క, పెద్దిరాజు గారు.
నాలుగో మనిషెవరో?

రేపు పొద్దున్నే రేవుకెళ్ళాలి,
మొదటి పంటు దిగేవాళ్ళ
మొహాలు చూడాలి.