గాలి కట్ట

మన మాటల్లో బుడగంటే
ఇప్పుడుండి ఇప్పుడు లేనిది.
ఎవరైనా పోతే
నీటి బుడగ బతుకులే అనేసి
తువ్వాలు దులిపి భుజానేసుకుంటాం.

ఇక్కడ హాలండులో,
ఉప్పుగాలి ముక్కుకి తగిలేంత దూరంలో,
ఒక కాలువకి
బుడగలతోనే కట్ట వేశారు.

అడుగున ఒక గొట్టం,
ఒడ్డు నుంచి ఒడ్డుకి ఏటవాలుగా,
తప్పు లెక్క మీద పంతులు కొట్టిన గీతలా.
గొట్టం నిండా సూది బెజ్జాలు.
గట్టు మీద రేకు డబ్బాలో కంప్రెసర్
రాత్రీ పగలూ గురక పెడుతుంది.
గాలి లేచినంత మేరా
నీళ్లు ఎసరులా కుతకుతలాడతాయి.
చెయ్యి పెడితే మాత్రం
వేళ్లు కొంకర్లు పోయే చలి.

పడవొస్తే దారిస్తుంది.
మలుగు చేప ఒళ్లు విరుచుకుని
అందులోంచే దాటిపోతుంది,
పెళ్లింటి పూసల తెర తప్పించుకున్నట్టు.
ప్లాస్టిక్ ఒక్కటే ఇరుక్కుంటుంది.
కింది గాలి పైకెత్తుతుంది,
వెనక నీళ్లు ముందుకి తోస్తాయి,
ఏటవాలు గీత పట్టుకుని నడిచి నడిచి
మూలనున్న బుట్టలో పడుతుంది.

బుట్ట దులిపేవాడు హెస్సెల్ వీన్‌స్ట్రా.
మంగళవారం, శుక్రవారం.
వాళ్ల తాత ఈ కాలువలోనే
మలుగులకి బుట్టలు వేసేవాడట.
"బుట్ట మారలేదు, పంట మారింది"
అంటాడు, నవ్వకుండా.
తడి చేతి తొడుగు పళ్లతో లాగి
నోటు పుస్తకంలో రాసుకుంటాడు:
సీసా మూతలు నూటనలభై.
మందుల పట్టీ ఒకటి, రెండు మాత్రలు మిగిలే ఉన్నాయి
(తగ్గిందో, విసుగొచ్చిందో).
బొమ్మ బూటు, ఎడమ కాలిది.
పుట్టినరోజు బుడగ,
వెండి రంగు, ఆరు అంకె.

ఆ ఆరు దగ్గర నేనాగిపోయాను.
ఆ పిల్లకి ఇప్పుడు పదహారో, ఇరవయ్యారో.
కేకు అరిగిపోయింది,
పాట పాడినవాళ్లు ఊళ్లు మారారు,
ఇది మాత్రం మాయలేదు, మడతలు పడింది అంతే.
ఇదీ బుడగే, అదీ బుడగే.
క్షణం బతకనిది కిందనుంచి లేచి
చావు తెలియనిదాన్ని పట్టిచ్చింది.

పక్కనే పడవ ఇంట్లో చిట్స్కె ఉంటుంది,
డెబ్బై దాటిన మనిషి.
కంప్రెసర్ గురకకి నిద్ర పట్టడం లేదని
మునిసిపాలిటీకి మూడు ఉత్తరాలు రాసింది.
మూడింటికీ మర్యాదగా జవాబులొచ్చాయి,
గురక ఆగలేదు.

జనవరిలో ఒక రాత్రి ఆగింది.
ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచింది చిట్స్కె.
మూడు గంటలకి హెస్సెల్‌కి ఫోను:
"నీ గాలి పోయింది. రా."

సైకిలు మీద వచ్చాడు, మీసాల మీద మంచుతో.
బెల్టు తెగింది. కొత్తది
తెల్లారితే గాని రాదు.
కాలువ అద్దంలా పడుకుంది.
ఎంత అందంగా ఉందో చెప్తే తప్పు పడుతుంది,
ఉంది మరి.
ఆ అందం మీదే, ఒకదాని వెనక ఒకటి,
తెల్లగా, నింపాదిగా,
సముద్రం వైపు.

మనవడి సీతాకోకల వల తెచ్చి
పడవ అంచున మోకాళ్లూని
దీపం వెలుగులో చిట్స్కె
అందినవి అందినట్టు దేవింది.
పదకొండు.
వేళ్లు పనిచేయడం మానేశాక
వల పక్కన పెట్టి
పోయేవాటిని చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నానికి మళ్లీ గురక మొదలైంది.
ఉత్తరాలు వెనక్కి తీసుకోలేదామె,
నాలుగోది రాసింది:
ఇంకో బెల్టు ముందే కొని ఉంచండి అని.

ఇసుకంత నలిగిపోయినవి ఈ కట్టకి చిక్కవు,
అడుగున మునిగి నడిచేవీ చిక్కవు.
హెస్సెల్‌ని అడిగితే దాచడు.
ఆ శుక్రవారం అతని పుస్తకంలో
రెండే వరసలున్నాయి.
చిట్స్కె వలలో: పదకొండు.
పోయినవి:
అక్కడ అంకె వెయ్యలేదు,
కలం ఆనించి ఆలోచించిన చోట
ఒక సిరా చుక్క,
బుడగంత.