ఖాళీ బరువు

కోవూరు రైసుమిల్లు కాటా దగ్గర
పంతొమ్మిదేళ్లుగా లారీలు తూస్తా ఉండా.
నిండుగా వచ్చినప్పుడు ఒకసారి,
సరుకు దించి పోయేటప్పుడు ఒకసారి.
నిండులోంచి ఖాళీ తీసేస్తే వడ్లు.
ఇంత తేలిక లెక్క.

నా ఖాళీ బరువెంతో
ఏ చీటీలోనూ లేదు.

ఎప్పుడు మొదలైందని డాక్టరమ్మ అడిగితే
మలైకాజాతో అన్నా, నవ్వుతుందని.
నవ్వలా.
మా చిన్నన్న పెంచలయ్య పోయిన పదకొండోనాడు
ఎవురో వడ్డిస్తా ఉంటే
'వద్దు' అనే మాట ఇస్తరి కింద పడిపోయింది.
ఎంగిలాకులతో పాటు ఎత్తేసినట్టుండారు.

ముందు ఆకలేసి తిన్నా.
తర్వాత ఆకలేస్తుందేమోనని తిన్నా.
ఆ తర్వాత అది రావడమే మానేసింది.

ట్రంకురోడ్డు మీద రెండు కారందోసెలు లాగించి
ఇంటికొచ్చి వెంగమ్మ ముందు
పొద్దుట్నించీ పస్తున్నట్టు కూర్చునేవాణ్ణి.
అన్నం పక్కన అబద్ధానికి కూడా
పొట్టలో చోటు చూపించాల.

పాప పుట్టినరోజని అరకిలో కాజాలు కట్టించుకునేవాణ్ణి.
ఏడాదికెన్ని పుట్టినరోజులు సామీ అని
అంగడాయన అడగలా.
పొట్లానికి దారం మాత్రం
ఒక చుట్టు ఎక్కువ చుట్టేవాడు.

పెన్న బ్రిడ్జి మీద చీకట్లో బండాపి
హెల్మెట్ తియ్యకుండానే అద్దం పైకెత్తి తినేవాణ్ణి.
కాయితం ఏట్లోకి విసిరితే
ఏట్లో నీళ్లు లేవు.
మర్నాడు డ్యూటీకి పోతా చూస్తే
ఇసకలో తెల్లగా, నెయ్యి మరకతో
నన్నే చూస్తా ఉండాది.

ఒక రాత్రి, ఆఖరి లారీ పోయాక
కాటా ఎక్కి నిలబడినా.
ఇరవై కిలోల లెక్కన దూకే కాటా అది,
మనుషుల కోసం చేసింది కాదు.
నూటిరవై అనింది.
కాసేపు ఆలోచించి నూటనలభై అనింది.

'దిగబ్బయా, చీటీ ఎవురు రాసేది?'
వెనక మస్తానయ్య, హమాలీ మేస్త్రి.
తాగుడు మానేసి ఆరేళ్లయిన మనిషి.
కాటా అంచున నా పక్కనే కూలబడి అన్నాడు:
'నాకు సులువు. ఆ అంగడి గుమ్మం తొక్కకుంటే చాలు.
నువ్వు రోజుకు మూడుసార్లు లోపలికి పోయి
ఒక్క గుక్క తాగి బైటికి రావాల.'

ఎవరూ నాకట్లా చెప్పలా అంతకు ముందు.
నోరు కట్టుకో అన్నారు, సిగ్గులేదా అన్నారు.

నలభై రోజులు నిలబడినా.
నలభై ఒకటోనాడు, తెల్లారుజాము,
రాత్రి చేపల పులుసు దాక పొయ్యి మీదనే ఉండాది.
మాగిన మామిడికాయ ముక్క ఒకటి
తేలి, కన్ను కొట్టింది.
వెంగమ్మ లేచేసరికి దాక అడుగు చేత్తో గీకతా ఉండా.
తిట్టలా.
పక్కన కూర్చోని, చెయ్యి కడిగింది
పసిబిడ్డకు కడిగినట్టు.
పొట్లాలు, బ్రిడ్జి, హెల్మెట్
అన్నీ ఆ నీళ్లలోనే చెప్పేసినా.

అప్పుట్నించీ లెక్క రోజుల్లో కాదు.
పడిందానికీ లేచిందానికీ మధ్య
ఎంతసేపు పట్టిందని చూసుకుంటా ఉండా.
మొదట నెల. తర్వాత వారం.
మొన్న పండక్కి ఒక పూట.

కందుకూరులో ఒక పెళ్లి బంతిలో
వడ్డించే పిల్లోడు గరిటెత్తితే
'చాలబ్బయా' అన్నా.
వాడు పక్కాయన దగ్గరికి పోయాడు.
అంతే. ఏమీ కాలా.
నేనే బిత్తరపోయి చుట్టూ చూసినా
ఎవురన్నారా ఆ మాట అని.

ఆకలి కూడా వచ్చింది ఒకరోజు, పన్నెండున్నరకి,
ఎవరింటికో తప్పి వచ్చినట్టు మొహమాటంగా.
కూర్చోమన్నా.

రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువులో
మోకాళ్లలోతు నీళ్లలో నిలబడినా
చేతిలో ఆరోగ్యం రొట్టె.
పోయినేడు పుచ్చుకున్నవాణ్ణి, ఈ ఏడు ఇయ్యాల.
ఒకామె కొంగు పట్టి అడిగింది:
'కోరిక తీరిందా అయ్యా?'

అబద్ధాలు మానేసి చాన్నాళ్లయింది.
'తీరతా ఉండాదమ్మా' అన్నా.

ఆమె రొట్టె వంక చూసింది.
నా వంక, పైనుంచి కిందిదాకా చూసింది,
సగం తీరిన రొట్టె పనికొస్తుందా అన్నట్టు.

తర్వాత
కొంగు ఇంకాస్త ముందుకు చాపింది.