ఏ పోడప్పుడు పుట్టావు

మా యా ఉన్‌కి అంకెలు రావు.
యా అంటే మా ఖ్ము మాటలో అవ్వ.
ఎవరి వయసు అడిగినా
ఎదుటి కొండ వైపు గడ్డం ఎత్తి చెప్పేది.

"నువ్వా?
ఉప్పుచెలమ మీద పోడు కొట్టిన ఏడు.
మంట వాగు దాటబోతే
మగాళ్లు తడి గోనెలతో పరిగెత్తారు,
నేనిక్కడ మీ అమ్మ నడుం పట్టుకుని కూర్చున్నాను.
మీ అన్న ఎలుగుదిబ్బ వాడు.
ఆ ఏడు వరి కంటే ముందు దోసకాయలొచ్చి
మన ప్రాణాలు నిలబెట్టాయి."

ఒక వాలు నరికి, కాల్చి,
బూడిద చల్లారాక కర్రలతో పొడుస్తూ మగాళ్లు ముందు,
గుంటకి ఆరేడు గింజలు విదిలిస్తూ ఆడాళ్లు వెనక.
వరి నడుమ నువ్వులు, మిరప, గుమ్మడి,
గట్టు కొసన పిల్లల మెడలకి పూసగడ్డి.
ఒక్క పంట. అంతే.
తర్వాత పక్క వాలు.
వదిలిన చోట ముందు గడ్డి, ఆపైన వెదురు,
ఆపైన అడవికోళ్లు.
తొమ్మిదో ఏట తిరిగి వెళ్తే
పాత మొద్దుల్ని యా పేరుపెట్టి పలకరించేది.

నామ్‌థా నుంచి వచ్చిన ఆఫీసరు
పటం మీద ఆ పొదల్ని 'ఖాళీ' అని రాసుకున్నాడు.
ఆ ఖాళీలోంచే
మా సగం కూర, మొత్తం కట్టెలు.

రబ్బరు మొక్కలు సరిహద్దు అవతలి నుంచి
లారీల్లో దిగాయి, వేళ్లకి నల్ల సంచులు తొడుక్కుని.
నాన్న ఉప్పుచెలమని మెట్లు మెట్లుగా చెక్కి
తాడు పట్టి వరస తప్పకుండా నాటాడు.
"ఏడేళ్లు ఓర్చుకుంటే ముప్పయ్యేళ్లు పాలు."
యా చాలాసేపు నమిలి నమిలి అడిగింది:
"ముప్పయ్యేళ్లూ పోడు కదలదా?"

అబద్ధమెందుకు, మొదట్లో బాగానే ఉంది.
రేకుల కప్పు, మోటారుసైకిలు,
అన్నకి పట్నంలో చదువు.
తర్వాత ధర జారింది.
కిలో రబ్బరుకి మూడు కిలోల బియ్యం వచ్చేవి,
ఇప్పుడు కిలో కూడా రావు.
పల్లం నుంచి తెచ్చిన మొదటి సంచి విప్పి
గుప్పెడు తీసి వాసన చూసింది యా.
"ఇది ఎవరి కొండది?"
సంచి మీద ఏనుగు బొమ్మ ఉంది, కొండ పేరు లేదు.
పొరుగింటి లార్ పాలకొచ్చిన చెట్లు కొట్టేసి
కర్రపెండలం పెట్టాడు.
నేను మాత్రం రాత్రి రెండింటికి
నుదుటికి దీపం కట్టుకుని వెళ్తాను.
బెరడు మీద గోరు మందం గీత,
కింద కప్పు, మళ్లీ ఇంకో చెట్టు, మళ్లీ ఇంకోటి.

నా కూతురు తొయ్ ఒకరోజు అడిగింది:
"యా, నేను ఏ పోడప్పుడు పుట్టాను?"
యా గడ్డం ఎత్తింది.
కొండంతా ఒకే ఆకు, ఒకే ఎత్తు, ఒకే వరస.
ఎత్తిన గడ్డం అలాగే ఉంచి
"చీకటి పడుతోంది, కోళ్లని మూయి" అంది.

ఆ ఎండాకాలం
కరెంటు తీగల కింద,
చెట్లు పెంచకూడదని వదిలిన పట్టీలో,
చాపంత చాపంత కాల్చుకుంటూ పోయింది ముసలిది.
సొరబుర్రలో దాచిన విత్తనం.
పొడవడానికి మగాళ్లెవరూ రాలేదు,
తనే పొడిచి, తనే విదిలించింది.
లైన్‌మన్ వచ్చి కేకలేశాడు,
దోసకాయ చేతిలో పెడితే తింటూ తిట్టాడు.
"నీ కడుపులో వాడికైనా
చూపించడానికి ఓ చోటుండాలి కదే" అంది నాతో.

వాడు పుట్టాడు.
తీగల కింది పోడు వాడు.
పంట బుట్టన్నర, మిగతాది పిట్టలది.

తొయ్ ఆ పిట్టల్ని తోలుతూ
కంకుల్లో నడుం దాకా మునిగి
ఇంకా అడుగుతూనే ఉంది:
"వాడికి దొరికింది సరే.
మరి నేను?"