వాగడుగు

మార్చిలనే పోవాలె అన్న.
అమీర్‌పేట ట్రావెల్సు పిల్లగాడు
టైపు కొట్టుడు ఆపి నా మొఖం చూసిండు.
"మేడం, బుర్కినా ఫాసో మార్చిల పెనం లెక్కుంటది.
డిసెంబర్‌ల పొండ్రి, టికెట్ కూడ అగ్గువ."

వానికెట్ల చెప్పాలె,
నిండిన బావిల ఏ మోటరైనా మొనగాడే.
నీళ్లు అడుగంటి, గొంతుల బురద తగిలినప్పుడు గద
పంపు బతుకేందో తెలిసేది.
పద్దెనిమిదేండ్ల సంది బాలానగర్ షెడ్డుల
టెస్టు తొట్టి పక్కన నిలబడ్డదాన్ని.
తొట్టి ఎప్పుడు చూసినా నిండుగనే ఉంటది.
నా అనుమానమంతా దాని మీదనే.

దిగే ఊరి పేరు వాగడూగు.
మొదటిసారి ఫోన్ల విన్నప్పుడు
నాకు వాగడుగు అని వినబడ్డది.
వాగు అడుగు.
ఎండితే తప్ప ఎవ్వలకూ కనబడనిది.

నారాయణగూడల ఎల్లో ఫీవరు సూది.
క్యూల నా ముందల ఓడ నౌకరికి పోయే పిల్లలిద్దరు,
వెనుక బంగారు గనికి పోయే ఫిట్టరు.
నర్సు చెయ్యి చల్లగున్నది.
"పది రోజులదాంక పనిచెయ్యదమ్మా" అనుకుంట
పసుపుపచ్చ కార్డు మీద ముద్ర గుద్దింది.
నలభై మూడేండ్లకు నా పేరు మీద
దేశం దాటే కాయితం.
కట్కూరి వినోద. అక్షరాలు జర వంకరున్నయి.
నేనే మల్ల మల్ల చదువుకున్న.

టోలిచౌకిల ఫాతూమత ఉంటది.
ఫార్మసీ చదివే పిల్ల, ఆ దేశం బిడ్డ.
ఆమె నాకు ఫ్రెంచి, నేనామెకు తెలుగు,
నడుమ ఇద్దరికీ సగం సగం హిందీ.
"నీళ్లను ఏమంటరు?"
"లో."
"లోపలనా?"
"కాదు. నీళ్లే. లో."
నవ్విన. నవ్వు సగంల ఆగింది.
నీళ్లు ఎన్నడు బయటున్నయి గనుక!
మా మూసాపేట బోరు తొమ్మిదొందల ఫీట్ల కింద,
ఇసూఫు వాళ్ల బావి అరవై మీటర్ల కింద,
అంతా లో.

ఏప్రిల్‌ల వాకిట్లనే పండుతమన్నది ఫాతూమత.
మేం మిద్దె మీద అన్న.
రాత్రి గాలి మర్లుతదా అని అడిగింది.
మర్లుతది, మూడింటికి.
అక్కడ కూడా మూడింటికేనట.

సంచి ఇరవై మూడు కిలోలకు మించొద్దు.
సీలు రింగులు, కేబులు జాయింట్లు,
లోతు కొలిచే టేపు. వీటికే పదహారు పాయె.
ఇగ మిగిలిన ఏడుల నేను:
నూలు సల్వార్లు నాలుగు, తలకు కట్టే తువ్వాల,
ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, అటుకులు, కారంపొడి.
వడదెబ్బ తగలకుండ జేబుల ఉల్లిగడ్డ పెట్టుకొమ్మని
పక్క ఫ్లాటు చంద్రకళ.
విమానంల పచ్చి సామాను పోనియ్యరని ఆఫీసోళ్లు.

లిస్టు రాసుకుంట కూసున్ననా,
కింద ట్యాంకరు హారను.
ఈ యేడు ఫిబ్రవరి నుంచే మొదలైంది.
వాచ్‌మన్ మెట్ల మీదికెల్లే ఒర్లుతుండు:
"అక్కా, సంపు మోటరు గుంజుతలేదు, జర రా!"
మూత తీసి వంగి చూస్తే
జానెడు నీళ్లు, అండ్ల నా మొఖం,
ఫుట్ వాల్వు గాలి తాగుతున్నది.
బిగించిన. చెంబుతోని నీళ్లు పోసిన.
రెండుసార్లు దగ్గి
మూడోసారి అందుకున్నది.

ఆరు వారాలు నేనుండ నన్న ముచ్చట
నోటిదాంక వచ్చింది గని చెప్పలే.
చేతులు తుడుసుకోని ఫోను చూస్తే ఇసూఫు:
బావి ఇంకో మూరెడు దిగింది,
ఎప్పుడొస్తరు?

పదిహేనో తారీకు అని కొట్టిన.
దిగనీ, మంచిదే అని కూడ కొట్టి
మల్ల తుడిపేసిన.
తాగేటోళ్లకు రాసే మాటనా అది?

ఉల్లిగడ్డ మాత్రం
సాక్సుల చుట్టి సంచి అడుగున పెట్టిన.
పట్టుకుంటే పట్టుకోని.